ముప్పై ఎనిమిది ఫారాలు, ఒకే దస్తూరి

ముప్పై ఎనిమిది మందికి ఫారాలు పంచితే, ముప్పై ఎనిమిదీ ఒకే దస్తూరిలో తిరిగొచ్చాయి.

నేను పెద్దవాళ్ళ చదువుల కార్యాలయంలో పనిచేస్తాను. పాఠాలు చెప్పను. తరగతి పెట్టకముందే వెళ్ళి, అక్కడివాళ్ళకి ఏం నేర్చుకోవాలని ఉందో, ఏ వేళ తీరికో, రాలేకపోతే ఎందుకు రాలేకపోతున్నారో కనుక్కుని రావడం నా పని. మా ఆఫీసులో దాన్ని అవసరాల సర్వే అంటారు. మా అత్తగారు మాత్రం, "జనాన్ని ప్రశ్నలడిగి విసిగించినందుకు జీతమిస్తారా! ఆ పని నేను ఊరికే చేసేదాన్నిగా" అంటారు. ఆవిడ సంగతి తెలిసినవాళ్ళెవరూ కాదనరు.

ఒక్క మాట ముందే ఒప్పుకుంటాను. నాకు ముక్కు మీద కోపం. దానికి తోడు నా తెలివి మీద నాకు కాస్త ఎక్కువ నమ్మకం. ఇందులో జరిగిన పొరపాట్లన్నీ ఆ రెంటివల్లే జరిగాయి, దస్తూరి బాబాయ్ వల్ల కాదు.

ఆ ఫారాలు వచ్చింది బస్సు డిపోలో బస్సులు కడిగే యార్డు నుంచి. అంతకుముందు ఏడాది అక్కడ మేం పెట్టిన అక్షరాల తరగతికి మొదటిరోజు పదకొండుమంది వచ్చారు. రెండో వారానికి ఒక్కరు మిగిలారు. ఆ ఒక్కరూ ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చేవారని తర్వాత తెలిసింది. ఈసారి అలా కాకూడదని నేను పట్టుబట్టి కూర్చుని ముప్పై ఒక్క ప్రశ్నలతో ఒక ఫారం తయారుచేశాను. ప్రతి ప్రశ్నకీ పక్కనే గళ్ళు, గడిలో టిక్కు పెడితే చాలు. దాన్ని చూసుకుని నేను ఎంత మురిసిపోయానో చెబితే సిగ్గుచేటు. చదవడం రానివాళ్ళ కోసం పెట్టే తరగతికి చదివి నింపాల్సిన ఫారం తయారుచేశానని నాకు గాని, దాని మీద సంతకం పెట్టిన మా డైరెక్టరు గారికి గాని తట్టలేదు.

తిరిగొచ్చిన ఫారాల్లో పేర్లన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. టిక్కులన్నీ ప్రతి ప్రశ్నకీ మొదటి గడిలోనే ఉన్నాయి. ఆ లెక్కన ముప్పై ఎనిమిదిమందికీ చదవడం వచ్చు, అందరికీ కంప్యూటర్ నేర్చుకోవాలని ఉంది. పంతొమ్మిదో ప్రశ్న "మీరు చంటిబిడ్డకు పాలిచ్చే తల్లా?" అని. దానికి ఇరవై నలుగురు మగవాళ్ళతో సహా యార్డు యార్డంతా అవుననే చెప్పింది.

"ఇవన్నీ చించి పారెయ్యమ్మా, ఎవడో కూర్చుని మనతో ఆటలాడాడు" అన్నారు డైరెక్టరు గారు.

నాకు రోషం వచ్చింది. టిక్కులు పోతే పోయాయి, దస్తూరి చూడండి అన్నాను. ముప్పై ఏడుమంది నమ్మి ఫారం చేతికిచ్చారంటే ఆ మనిషికి అక్కడ ఎంత విలువ ఉండాలి! చదువుకున్నవాడు, మంచివాడు, తొందరలో టిక్కులు గీసేశాడు, అంతే. ఆ చెయ్యి ఎవరిదో పట్టుకుంటే సగం పని అయినట్టే అని వాదించి, ఆ మధ్యాహ్నమే డిపోకి బయల్దేరాను.

ఆ చెయ్యి ఎవరిదో కనుక్కోవడానికి నిమిషం పట్టలేదు. గేటు దగ్గర అడిగితే అందరూ ఒకేవైపు వేలు చూపించారు. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకున్న మనిషి, పొడుగు కర్ర బ్రష్షుతో ఒక బస్సు వీపు రుద్దుతున్నాడు. యాభై దాటి రెండేళ్ళు ఉంటాయేమో. జేబులో మూత పెట్టిన కలం. రుద్దుతూ రుద్దుతూ బస్సుతో మాట్లాడుతున్నాడు.

"పొద్దున్నేగా తలంటి పంపాను? అప్పుడే ఎక్కడ పొర్లాడొచ్చావు? ఆ మూడో నంబరుని చూసి నేర్చుకో, ఎంత బుద్ధిగా వస్తుందో!"

నేను నవ్వేసరికి వెనక్కి తిరిగాడు. "ఇదమ్మా, పదిహేడో నంబరు. మహా పెంకిది. కంకర రోడ్డు మీద తిరుగుతుంది కదా, దాని తప్పు కాదులే" అన్నాడు, నేనేదో బస్సుని కొట్టడానికి వచ్చినట్టు అడ్డం నిలబడి.

యార్డులో అందరికీ ఆయన దస్తూరి బాబాయే. వయసులో ఆయన కన్నా పెద్దవాళ్ళకి కూడా బాబాయే. పద్నాలుగేళ్ళుగా అక్కడ ఎవరికి సెలవు కావాలన్నా ఉత్తరం రాసేది ఆయన. రెండు చేతులూ తుడుచుకుని, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, అట్ట ఒళ్ళో పెట్టుకుని, రాయించుకునే మనిషి మెళ్ళో ఉన్న గుర్తింపు కార్డు ఒకసారి చూసి రాయడం మొదలుపెడతాడు. చుట్టూ నలుగురు నిలబడి చూస్తారు. రాసినంతసేపూ ఎవరూ మాట్లాడరు.

అలా రాస్తుండగా నేనూ చూశాను, చూసి మనసు పారేసుకున్నాను. ఆఫీసుకి తిరిగొచ్చి ఆ సాయంత్రమే నివేదిక రాసేశాను. యార్డులో ఒక సహజ నాయకుడున్నాడు, అందరి నమ్మకమూ చూరగొన్నాడు, బాగా చదువుకున్నాడు, కాబట్టి తరగతిలో తోటివాళ్ళకి చదువు చెప్పే బాధ్యత ఆయనకే అప్పగించాలి. ఒక ప్రతి డిపో మేనేజరు గారికి కూడా పంపాను. మేనేజరు గారు నాకన్నా ఒక అడుగు ముందుకేశారు. స్టోర్ చూసే ముసలాయన రెండు నెలల్లో పదవీ విరమణ చేస్తున్నారు. ఆ పోస్టు దస్తూరి బాబాయ్‌కి ఇచ్చేశారు.

"మీరే రాశారుగా మేడం, బాగా చదువుకున్నాడని! ఇన్నాళ్ళూ మన కళ్ళముందే మాణిక్యాన్ని పెట్టుకుని బస్సులు కడిగించాం" అన్నారు నన్ను పిలిచి మరీ. నేను గాల్లో తేలిపోయాను.

ఆ కబురు చెప్పినప్పుడు బాబాయ్ మొహం ఎలా ఉందో నేను సరిగ్గా చూడలేదు. "చాలా సంతోషం అమ్మా" అన్నాడు. మర్నాటి నుంచి పనిలోకి రాలేదు.

మూడోరోజు మేనేజరు గారి గదిలో కూర్చున్నాను. బాబాయ్ ఎందుకు రాలేదని అడిగితే, ఆయన సెలవుల ఫైలు తెప్పించి నా ముందు తెరిచారు. "జ్వరమట పాపం. ఉత్తరం చూడండి, అచ్చు వేసినట్టు లేదూ!"

చూశాను. 'నాకు తీవ్రమైన జ్వరం వచ్చినందున రెండు రోజులు సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఇట్లు, తమ విధేయుడు.' అక్షరాలు నిజంగానే కళ్ళకి పండగలా ఉన్నాయి. ఊరికే పేజీ తిప్పాను. ఇంకొకరి ఉత్తరం, తీవ్రమైన జ్వరం, రెండు రోజులు. ఇంకో పేజీ, అదే జ్వరం. ఆడవాళ్ళ ఉత్తరాల కింద కూడా 'తమ విధేయుడు' అనే ఉంది. బస్సుల్లోపల ఊడ్చే ఆవిడ, టికెట్లక్క అంటారు, ఆవిడ చెయ్యి విరిగి పిండికట్టుతో ఇరవై రెండు రోజులు ఇంట్లో ఉందని యార్డులోనే విన్నాను. వరసగా పదకొండు ఉత్తరాలు, పదకొండు తీవ్రమైన జ్వరాలు.

"నీళ్ళలో పని కదమ్మా, మావాళ్ళకి జ్వరాలెక్కువ" అన్నారు మేనేజరు గారు దిగులుగా. "ఈ ఫైలు చూసి పైవాళ్ళు రెండుసార్లు దోమల మందు కొట్టించారు. అయినా తగ్గలేదు."

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే పేజీలు తిప్పాను. నా ముందే పెళ్ళికని రాయించుకున్నవాడికి జ్వరం, బిడ్డని బడిలో చేర్చడానికని రాయించుకున్నావిడకి జ్వరం. నలభయ్యో ఉత్తరం దగ్గర నవ్వు ఆగిపోయింది. మారింది పేరూ తారీఖే. పేరు మెళ్ళో కార్డు మీద ఉంటుంది, తారీఖు గోడమీద క్యాలెండర్లో ఉంటుంది. ఫారంలో టిక్కులన్నీ మొదటి గడిలో ఎందుకున్నాయో నాకప్పుడు అర్థమైంది. పప్పులో కాలేశానని కూడా అర్థమైంది, అదీ ఆయన కాలు కూడా పట్టుకుని మరీ వేయించాను.

వాళ్ళ ఇల్లు మూడో అంతస్తులో, రెండు గదులు. ముందుగదిలో కిటికీ కింద కుట్టుమిషను, దాని ముందు ఆయన భార్య. లోపలి గదిలో బాబాయ్ తలకి తువ్వాలు చుట్టుకుని పడుకుని ఉన్నాడు. నన్ను చూసి దగ్గాడు. జ్వరానికీ దగ్గుకీ ఉన్న తేడా ఆ కంగారులో గుర్తులేనట్టుంది.

"ఆయనకి జ్వరం లేదమ్మా, భయం" అంది ఆవిడ, మిషను తొక్కడం ఆపకుండానే. "మూడురోజుల నుంచి చెప్తున్నాను, లేచి వెళ్ళి ఉన్నమాట చెప్పెయ్యమని. వింటేగా!"

నేను ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలో తెలియక, నోటికొచ్చింది అడిగేశాను. "బాబాయ్, మీ యార్డులో ముప్పై ఎనిమిదిమందీ పాలిచ్చే తల్లులేనా?"

ఆయన లేచి కూర్చున్నాడు. "అదేంటమ్మా?"

పంతొమ్మిదో ప్రశ్న చదివి వినిపించాను. మిషను ఆగిపోయింది. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఆపుకోలేక గట్టిగానే నవ్వింది. బాబాయ్ కాసేపు బిక్కమొహం వేసి, తర్వాత ఆయనా నవ్వాడు. తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. మేం ముగ్గురం అంతలా నవ్వాక ఇక దాచడానికి ఆయనకి ఓపిక మిగల్లేదు.

"రాయడం వచ్చమ్మా. చదవడమే..." అని నీళ్ళు నమిలాడు.

"మా నాన్న నేర్పాడమ్మా ఆ ఉత్తరం" అందుకుంది ఆవిడ. "పనిలో చేరిన కొత్తలో ఈయనకి నిజంగానే జ్వరం వచ్చింది. మా నాన్న గుమాస్తా, ఒకటి రాసిచ్చి, చూసి దించుకోవడం నేర్చుకో, ఎప్పటికైనా పనికొస్తుంది అన్నాడు. ఈయన దాన్ని రోజూ దించేవాడు. పిల్లలు బొమ్మలేసినట్టు ఏడాదిపాటు దించాడు. అంకెలు మాత్రం చిన్నప్పుడే వచ్చు."

"ఒకసారి ఎవరో చూశారు, నాకూ రాసిపెట్టు బాబాయ్ అన్నారు" అన్నాడాయన. "రాశాను. సెలవిచ్చారు. ఇంకొకడు వచ్చాడు, వాడికీ ఇచ్చారు. ఆఫీసువాళ్ళకి జ్వరమంటేనే నమ్మకం, వేరే కారణం రాయకూడదు అని చెప్పాను అందరికీ. చూస్తే నిజంగానే ఎప్పుడూ కాదనలేదు."

"మరి నా ఫారాలెందుకు నింపారు? రాదని చెప్పొచ్చుగా?"

"అడిగారమ్మా. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి కదా."

నా ముప్పై ఒక్క ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఈ ఇంటి గడప దాకా రాలేదని తెలిసి నాకు నా మీదే ఒళ్ళుమండింది. నివేదిక వెనక్కి తీసుకుంటాను, స్టోర్ పోస్టు కూడా రద్దు చేయిస్తాను, ఎవరికీ ఏమీ తెలియనివ్వను అని గబగబా చెప్పుకుపోయాను. మళ్ళీ అదే తప్పు, ఆయన్ని అడగకుండా ఆయనకేం కావాలో నేనే తేల్చేయడం.

"స్టోర్ రద్దు చేయకండమ్మా" అన్నాడు బాబాయ్.

ఆవిడ వచ్చి ఆయన పాదాల మీద దుప్పటి తీసింది. వేళ్ళ సందులు తెల్లగా పాసిపోయి, పగుళ్ళలోంచి ఎర్రగా కనిపిస్తున్నాయి. మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి. "రోజూ వేణ్ణీళ్ళలో ఉప్పు వేసి పెడతాను. పొద్దున్నే మళ్ళీ వెళ్ళి, బూట్లలోకి దిగిన చన్నీళ్ళలోనే నిలబడతాడు. ఇంకో రెండేళ్ళు ఇలా నిలబడితే నడవలేడని డాక్టరు చెప్పాడు" అంది.

"స్టోర్లో నేల పొడిగా ఉంటుందమ్మా. కుర్చీ కూడా ఉంటుంది" అన్నాడు ఆయన, ఎంతో ఆశగా. "పోస్టు పోగొట్టకండి, పరువు పోగొట్టకండి. మిగతాది మీ ఇష్టం."

ఆ రెండూ తీసేస్తే ఇక మిగిలిందేమిటో నాకు తెలియలేదు. సరేనని మాత్రం అన్నాను.

మేనేజరు గారి దగ్గరికి వెళ్ళి, నా నివేదిక తప్పని చెప్పాను. దస్తూరి చూసి మురిసిపోయి రాశాను, ఎవరికెంత చదువొచ్చో నేను అసలు అడగనే లేదు, సర్వే మళ్ళీ చేస్తాను అన్నాను. బాబాయ్ గురించి ఒక్కమాట చెప్పలేదు. ఆయన చిరాకుపడ్డారు. "ఇదేం పద్ధతి మేడం? మీరు ఒకసారి వచ్చని రాస్తారు, ఇంకోసారి తెలియదంటారు. స్టోర్లో యాసిడ్ డబ్బాలుంటాయి, మంట పుట్టే మందులుంటాయి. సరే, ఒకటో తారీఖున సరుకు ఒప్పజెప్పేటప్పుడు లిస్టు అందరిముందూ పైకి చదివి తాళాలు తీసుకోమనండి. చదవలేకపోతే ఇంకొకరికి ఇస్తాను." ఒకటో తారీఖుకి ఏడు వారాలుంది.

మా డైరెక్టరు గారు పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయను. న్యాయంగానే పెట్టారు.

ఈసారి కాయితం లేకుండా వెళ్ళాను. వారంపాటు యార్డులో బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను. పనిచేస్తున్నవాళ్ళ పని ఆపకుండా, ఒకే ప్రశ్న అడిగాను. "ఈమధ్య చదవాల్సిన కాయితం ఏదైనా చేతికొచ్చిందా? వస్తే ఏం చేశారు?" ఆ ఒక్కదానికే ఎన్ని మాటలు వచ్చాయో! డ్యూటీ చార్టు గోడమీద అంటిస్తారు, ఎవరి పేరు ఎక్కడుందో వెతుక్కోలేరు. మందు పొద్దున్న వేసుకోవాలో రాత్రి వేసుకోవాలో తెలియక రెండుపూటలా వేసుకున్నవాడున్నాడు. బడి నుంచి పిల్లవాడు చీటీ తెస్తే, దాన్ని ఆ పిల్లవాడి చేతే చదివించుకుని, వాడు చదివిందే నిజమని నమ్మిన తల్లి ఉంది. "వాడి అల్లరి భరించలేకపోతున్నామని రాస్తే, మెచ్చుకుంటున్నారని చదివాడండీ వెధవ" అని నవ్వింది.

పోయినసారి తరగతి ఎందుకు చచ్చిందో కూడా తెలిసింది. మేం సాయంత్రం ఆరింటికి పెట్టాం. అప్పటికి అందరూ తడిబట్టల్లో వణుకుతూ ఇంటికి పరుగెడతారు. మధ్యాహ్నం రెండు నుంచి మూడుదాకా యార్డుకి బస్సులు రావు, ఆ గంట ఖాళీ. టైర్ల గది ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఈ రెండు ముక్కలూ ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళు.

ఇంకో సంగతి కూడా తెలిసింది. చదవాల్సిన కాయితం వస్తే అందరూ నాలుగక్షరాలు వచ్చిన క్యాంటీన్ వదిన దగ్గరికి పరుగెడతారు. దస్తూరి బాబాయ్ దగ్గరికి ఒక్కరూ వెళ్ళరు.

"అదేంటి, పక్కనే బాబాయ్ ఉండగా?" అని అడిగాను టికెట్లక్కని.

ఆవిడ బస్సు మెట్లు ఊడుస్తూ, నావైపు చూడకుండా అంది. "బాబాయ్ కళ్ళజోడు ఎప్పుడూ ఇంట్లో మర్చిపోయి వస్తాడండీ. ఎందుకు ఇబ్బంది పెట్టడం?"

నేను ఆ ఇల్లు చూశాను. ఆయనకి కళ్ళజోడే లేదు. పద్నాలుగేళ్ళుగా లేని కళ్ళజోడుని ముప్పై ఏడుమంది కలిసి జాగ్రత్తగా కాపాడుతున్నారు. ఆ మెట్ల దగ్గర నిలబడ్డ నాకు కళ్ళు చెమర్చాయి, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

తరగతి మొదలయ్యే ముందురోజు బాబాయ్ నా దగ్గరికి వచ్చి ఒక ఉపాయం చెప్పాడు. తను సుద్దముక్కలు అందిస్తూ, కుర్చీలు సర్దుతూ వెనక నిలబడతాడట. అలా ఎవరికీ తెలియకుండా నేర్చేసుకుంటాడట. ఎండలో పొద్దుటి నుంచి తిరిగి ఉన్నాను. విసుగొచ్చి, "ఎవరికీ తెలియకపోవడమేంటి బాబాయ్, అందరికీ తెలుసు!" అనేశాను.

నాలుక కరుచుకునేలోపే మాట దాటిపోయింది. ఆయన బ్రష్షుని గోడకి ఆనించి, బస్సుల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తరగతి మొదటిరోజు రాలేదు. రెండోరోజు రాలేదు. ఆ రెండు రాత్రులూ నాకు నిద్రపట్టలేదు. మా అత్తగారికి జరిగిందంతా చెప్పుకుంటే, ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఈసారి ఒక్కమాట అనకుండా దుప్పటి కప్పి వెళ్ళారు.

మూడోరోజు బాబాయ్ వచ్చాడు. టైర్ల గదిలో అందరూ కూర్చుని ఉండగా వచ్చి, సరాసరి ముందు బెంచీ దగ్గరికి వెళ్ళి, కూర్చోకుండా వెనక్కి తిరిగాడు.

"ఎప్పటినుంచి తెలుసు?" అని అడిగాడు.

చివరికి టికెట్లక్క అంది. "నా చెయ్యి విరిగినప్పటి నుంచి. మా ఆయన నువ్వు రాసిన ఉత్తరాలు క్యాంటీన్ వదిన చేత చదివించాడు. పదకొండింట్లోనూ నేను 'విధేయుడి'నేనట."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే రాయడం మానేస్తావు కదా బాబాయ్. సెలవు ఎలాగూ ఇస్తున్నారు. నీ అక్షరాలు చూడ్డానికి బాగుంటాయి."

ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. పక్కవాడు జరిగి చోటిచ్చాడు.

తరగతికి మా ఆఫీసు నుంచి వచ్చిన పంతులమ్మ చిన్నపిల్ల, కానీ నాకన్నా బుర్ర ఉంది. బాబాయ్‌కి పలకాబలపం ఇవ్వలేదు. ఆయన చేత ఆ సెలవు ఉత్తరమే పెద్ద అక్షరాల్లో రాయించి, కత్తెరతో ముక్కలు చేసింది. "మీకు సగం అక్షరాలు ఇప్పటికే చేతిలో ఉన్నాయి బాబాయ్. వాటికి నోరు లేదు, అంతే" అంది. ఒక్కో ముక్కా పైకెత్తి దాని పేరు చెబుతుంటే ఆయన, ఎన్నాళ్ళుగానో ఎదురింట్లో ఉంటున్న మనిషి పేరు ఇప్పుడు తెలిసినట్టు, "ఓహో, నువ్వా!" అనేవాడు. నలభైకి పైగా ముక్కలొచ్చాయి. వాటినే అటూ ఇటూ మార్చి పేర్చి కొత్త మాటలు చేసేవాళ్ళు. మూడో వారానికి 'సబ్బు' అని తనే చదివి నవ్వాడు, అయిదో వారంలో డ్యూటీ చార్టులో తన పేరు కాకుండా పక్కవాడి పేరు చదివి, వాణ్ణి పట్టుకుని ఊపేశాడు. కానీ ఒత్తులు ఎక్కువున్న మాట వస్తే మొహం వాడిపోయేది. టికెట్లక్క ఆయన్ని దాటిపోయింది. ఆవిడ బస్సుల్లో ఊడ్చిన టికెట్లన్నీ కూడా చదివేసేది.

ఒకటో తారీఖు పొద్దున్న నేను డిపోకి వెళ్ళేసరికి స్టోర్ ముందు యార్డంతా చేరింది. స్టోర్ చూసే పెద్దాయన రెండు పేజీల లిస్టు పట్టుకుని ఉన్నాడు. మేనేజరు గారి చేతిలో తాళాల గుత్తి. బాబాయ్ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆయన భార్య గేటు దగ్గరే ఆగిపోయింది, లోపలికి రానంది. "చూడలేనమ్మా, అయ్యాక చెప్పండి" అంది.

బాబాయ్ కాయితం తీసుకున్నాడు.

"సబ్బు... నీళ్ళు. నలభై... లీటర్లు." ఒక్కో మాటా వేలితో పట్టుకుని చదువుతున్నాడు. "బ్రష్షులు, పొడుగు కర్రవి, ముప్పై. రబ్బరు... గొట్టాలు. యాసిడ్, ఎనిమిది డబ్బాలు." చెమట కారుతోంది, తుడుచుకోవడం లేదు. మొదటి పేజీ అయిపోయింది. ఎవరో ఊపిరి వదిలారు. రెండో పేజీలో సగందాకా వచ్చాడు. అక్కడ ఆగాడు.

నేను ఆ కాయితం ముందే చూసి ఉన్నాను, ఆయన ఎక్కడ ఆగాడో నాకు తెలుసు. పక్కనే ఆ సరుకు కనిపిస్తోంది, ఎర్రటి పీపా. ఆయన ఆ పీపాని ఏళ్ళ తరబడి చూసినవాడు. 'ఎర్ర పీపా మందు' అని పైకి అనేసి ముందుకెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. అలా అనెయ్యి బాబాయ్, అనెయ్యి అని నేను లోపల్లోపల ప్రాధేయపడుతున్నాను. పద్నాలుగేళ్ళు చేసిన పనేగా, ఇంకొక్కసారి.

ఆయన తలెత్తి మేనేజరు గారి వైపు చూశాడు.

"ఈ మాట చదవడం నాకు రాదు సార్" అన్నాడు.

మేనేజరు గారు కాయితం తీసుకుని చూశారు. "శీఘ్ర... దహన... శీలం" అని తనూ కూడబలుక్కుంటూనే చదివారు. "తొందరగా మంట అంటుకునేదని."

"అలాగే రాసి చావొచ్చుగా!" అంది వెనకనుంచి టికెట్లక్క. అందరూ గొల్లుమన్నారు. మేనేజరు గారు కూడా నవ్వారు. నవ్వి, తాళాలు ముందుకు చాచారు.

"రానిది రాదన్నావు. స్టోర్లో అదే కావాలయ్యా నాకు. తీసుకో."

బాబాయ్ చెయ్యి చాచలేదు. "ఒక్క నిమిషం సార్" అని కాయితం వెనక్కి తీసుకున్నాడు. "ఏదీ అక్కా, ఇటు రా. నువ్వు చదవగలవుగా దీన్ని? వేలు పెట్టి చూపించు."

ఆవిడ చీపురు పక్కన పెట్టి వచ్చింది. ఆ మాట కింద వేలు పెట్టింది. ఆవిడ ఒక ముక్క అంటే ఆయన ఆ ముక్క అన్నాడు. ముప్పై ఏడుమంది ముందు, ఉతికిన చొక్కాలో నిలబడి, మొదట తప్పుగా, తర్వాత మెల్లగా, మూడోసారి గేటుదాకా వినపడేలా చదివాడు. అంతసేపూ మేనేజరు గారు తాళాలు పట్టుకుని నిలబడే ఉన్నారు.